యూనిఫాం జతల్లో కొనకండి: చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు హైస్కూలు పిల్లలకి బట్టలు అమర్చుకోవడం

జూన్ రెండో వారం వచ్చిందంటే మా వరండాలో కాలు పెట్టడానికి చోటుండదు. నాది కొవ్వూరు. ఇంట్లోనే రెండు మిషన్లు పెట్టుకుని పదహారేళ్లుగా కుడుతున్నాను. పెళ్లి బ్లౌజులు ఎన్ని కుట్టినా, నాకు ఏడాది ఖర్చు వెళ్లదీసేది మాత్రం స్కూలు యూనిఫాంలే.

పోయిన జూన్‌లో ఒకావిడ కవర్లో ప్యాంటు పట్టుకొచ్చింది. కొడుకు తొమ్మిదిలోకి వచ్చాడు. ప్యాంటు చీలమండ దాటి పైకి పోయింది. "అక్కా, మడత విప్పి కొంచెం కిందికి దించు, ఈ ఏడాది గడిచిపోతుంది" అంది. తిరగేసి చూశాను. లోపల ఉన్నది అర అంగుళం. స్కూలు వాళ్లు చెప్పిన షాపులో పదిహేను వందలు పెట్టి కొన్న సెట్టు అది. గుడ్డ గట్టిగా ఉంది, నడుం సరిపోతోంది, మోకాళ్ల దగ్గర నూలు కూడా పల్చబడలేదు. రెండంగుళాల గుడ్డ లేకపోయేసరికి ప్యాంటు మొత్తం పనికిరాకుండా పోయింది. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోన్లో లెక్కలు వేసుకుంది. ఇద్దరు పిల్లలు, రెండేసి జతలు, బూట్లు, ఫీజు మొదటి టర్ము.

అలాంటివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ప్రైవేటు స్కూలైనా, ప్రభుత్వ స్కూలైనా, ఏడో తరగతి దాటిన పిల్లలకి యూనిఫాం కొనడంలో డబ్బు ఎక్కడ వృథా అవుతుందో మిషన్ ముందు కూర్చున్నవాళ్లకి బాగా కనిపిస్తుంది.

ముందు పాతవి బయటికి తీయండి

ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చిన మర్నాడే ఈ పని చేయాలి. జూన్‌లో కాదు. ఉన్న యూనిఫాం మొత్తం ఉతికి, ఆరేసి, పిల్లాడికో పిల్లకో ఒక్కొక్కటీ వేసి చూడండి. నిలబడితే చాలదు, కూర్చోమనండి, చేతులు పైకెత్తమనండి. కూర్చున్నప్పుడు తొడల దగ్గర పట్టేస్తే ఆ ప్యాంటు ఆగస్టు దాకా కూడా ఉండదు, సీటు దగ్గర చిరుగుతుంది. చేతులెత్తితే చొక్కా ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తే పొడుగు చాలట్లేదని అర్థం.

తర్వాత తిరగేసి చూడండి. కింద మడత ఎంతుంది, వెనక నడుం దగ్గర కుట్టు లోపల ఎంత గుడ్డ ఉంది, అమ్మాయిల టాప్ అయితే పక్క కుట్ల లోపల ఎంత వదిలారు. అంగుళంన్నర ఉంటే ఆ బట్ట ఇంకో ఏడాది మీదే. మడత విప్పితే పాత మడత గీత తెల్లగా కనిపిస్తుంది కదా, దానికి భయపడి చాలామంది పారేస్తారు. ఆ గీత మీదుగా అదే రంగు దారంతో రెండు వరుసల కుట్టు వేయిస్తే కావాలని వేసిన డిజైన్‌లా ఉంటుంది. నీలం, నలుపు ప్యాంట్లకి అయితే అసలు తెలియదు.

కాలర్ సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. అబ్బాయిల చొక్కాల్లో ముందు పాడయ్యేది కాలరే. మెడ రాసుకుని మడత దగ్గర నూలు లేచిపోతుంది, మిగతా చొక్కా కొత్తదానిలాగే ఉంటుంది. కాలర్ పట్టీ కుట్టు విప్పి, కాలర్‌ని తిరగేసి, బాగున్న వైపు పైకి వచ్చేలా మళ్లీ కుట్టేయొచ్చు. పావుగంట పని. మా అమ్మ రోజుల్లో ప్రతి టైలరూ చేసేవాడు. ఇప్పుడు అడిగేవాళ్లు లేక కొత్త కుర్రాళ్లకి తెలియడం లేదు. నేనైతే యాభై రూపాయలు తీసుకుంటాను. "కాలర్ తిప్పి కుడతారా" అని అడగండి, నలుగురిలో ఒకరైనా కుడతారు.

ఇదంతా అయ్యాక కాగితం మీద రాయండి. ప్యాంట్లు ఎన్ని పనికొస్తాయి, చొక్కాలు ఎన్ని. ఇక్కడే నేను అందరికీ చెప్పే మాట ఒకటుంది: జతల లెక్క మానేయండి.

షాపువాడికి జత లాభం. మనకి విడివిడిగా లాభం. అబ్బాయిల చొక్కా ఒక్కరోజుకే మాస్తుంది, ముదురు రంగు ప్యాంటు మాత్రం రెండు రోజులు వేసుకున్నా ఎవరూ అడగరు. కాబట్టి అబ్బాయికి మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు. అమ్మాయిలకి దీనికి తిరగేసి ఉంటుంది. పంజాబీ డ్రెస్సు యూనిఫాం ఉన్నచోట ఓవర్‌కోటు పైన వేసుకుంటారు గనక టాపు అంతగా మాయదు. బాటమ్ మాత్రం మూడు ఉండాలి, ముఖ్యంగా తెల్ల బాటమ్ ఉన్న స్కూళ్లలో. నెలసరి రోజుల్లో మరకపడితే ఉతికి ఆరేదాకా వేసుకోవడానికి ఇంకోటి లేక స్కూలు మానేసిన పిల్లలు నాకు తెలుసు. మొత్తం జత కొనలేకపోయినా ఒక్క బాటమ్ అదనంగా కుట్టించండి. చున్నీలు రెండు చాలు, ఓవర్‌కోటు ఒకటే చాలు.

స్కూల్లో ఏమడగాలి

కొనే ముందు స్కూలుకి వెళ్లి నాలుగు విషయాలు కనుక్కోండి. ఈ ఏడాది రంగు, డిజైను మారుతున్నాయా? శనివారం తెల్ల డ్రెస్సు తప్పనిసరా, ఎన్నో తరగతి దాకా? టై, బెల్టు రోజూ చూస్తారా? బయట గుడ్డ కొని కుట్టించుకోవచ్చా? మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. రంగు మారుతుందని తెలియక మే నెలలోనే రెండు జతలు కుట్టించుకుని, స్కూళ్లు తెరిచే జూన్ 12న ఏడ్చినవాళ్లున్నారు.

నాలుగో ప్రశ్నకి చాలా ప్రైవేటు స్కూళ్లు "మా దగ్గరే తీసుకోవాలి" అంటాయి. అక్కడ మీరు తెలుసుకోవాల్సిందేమిటంటే, అలా బలవంతం చేయడం మంచి పద్ధతి కాదని పైవాళ్లే చెప్పారు. సీబీఎస్‌ఈ 2017లోనే తన స్కూళ్లకి పుస్తకాలు, యూనిఫాంలు అమ్మే వ్యాపారం మానుకోమని రాసింది. హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి 2024 వేసవిలో ప్రైవేటు స్కూళ్ల ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మకూడదని ఆదేశం ఇచ్చారు.

అయితే ఈ కాగితాలు పట్టుకుని మొదటిరోజే గొడవకి వెళ్లమని నేను చెప్పను. మన పిల్లాడు రోజూ కూర్చోవాల్సింది ఆ క్లాసులోనే. నేను చూసినంతలో పనిచేసే దారి ఇది: అదే క్లాసు తల్లులు నలుగురు కలిసి వెళ్లండి. "సార్, రంగు, డిజైను మీరు చెప్పినట్టే ఉంటుంది, తేడా రాదు. లోగో మాత్రం మీ దగ్గర కొనుక్కుంటాం, గుడ్డ మేం తెచ్చుకుని కుట్టించుకుంటాం" అనండి. లోగో విడిగా అమ్మడానికి ఒప్పుకున్న స్కూళ్లు మా చుట్టుపక్కలే మూడున్నాయి. ఒక్కరు వెళ్తే బీదఅరుపులా వినిపించేది నలుగురు వెళ్తే పద్ధతిగా వినిపిస్తుంది. డబ్బు ఇబ్బంది నిజంగా ఉంటే దాచకండి కూడా. "ఒక జత ఇప్పుడు తీసుకుంటాం, రెండోది ఆగస్టులో" అంటే కాదనే ప్రిన్సిపాల్‌ని నేను తక్కువే చూశాను.

అప్పటికీ మొండికేస్తే మండల విద్యాశాఖాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆపైన సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు, తెలంగాణలో ప్రజావాణి. షాపు బిల్లు ఉంటే జిరాక్స్ జతచేయండి. స్కూలు పేరు మీద బిల్లు ఇవ్వకపోతే, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ ప్రింటు తీసినా చాలు.

ప్రభుత్వ స్కూలు పిల్లలకి వచ్చేది ఎలా వాడుకోవాలి

యూనిఫాం కోసం కేంద్రం సమగ్ర శిక్ష కింద ఇచ్చే డబ్బు ఒక్కో పిల్లకి రెండు జతలకి ఏడాదికి 600 రూపాయలు. అదీ ఎనిమిదో తరగతి దాకానే. సరిగ్గా పిల్లలు తాటిచెట్ల లాగా ఎదిగే వయసుకి అది ఆగిపోతుంది, ఆపైన రాష్ట్రం పెట్టుకోవాలి. ఆంధ్రాలో పదో తరగతి దాకా కిట్టు ఇస్తున్నారు. మొదట జగనన్న విద్యా కానుక అన్నారు, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అంటున్నారు. పేరేదైనా అందులో మూడు జతలకి సరిపడా గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు ఉంటాయి.

గుడ్డగా రావడం మీకు మేలు. కానీ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: మూడు జతలూ జూన్‌లోనే ఒకే కొలతతో కుట్టించేస్తారు. జనవరికి మూడూ ఒకేసారి పొట్టి అవుతాయి. రెండు జతలు కుట్టించండి. మూడోదాని గుడ్డ బీరువాలో పెట్టండి. సంక్రాంతి సెలవుల్లో అప్పటి కొలతతో కుట్టించండి. అప్పుడు టైలర్లకి పండగ రద్దీ తప్ప స్కూలు రద్దీ ఉండదు, పండగ అయిన వారం రోజులకి మరీ ఖాళీ. ఆ జత ఏప్రిల్ దాకా నడిచి, మడత వదిలి ఉంటే వచ్చే జూన్‌లో కూడా మొదటి నెల ఆదుకుంటుంది.

కుట్టుకూలి అంటూ ప్రభుత్వం కొంత ఇస్తుంది గానీ బయట మేము తీసుకునేదాంట్లో అది ఒక మూలకే వస్తుంది. మా వీధిలో తల్లులు ఐదారుగురు గుడ్డలన్నీ ఒకేసారి తెచ్చి ఇస్తే నేను జతకి కొంత తగ్గిస్తాను. ఒకే రంగు గుడ్డ, ఒకే దారం, ఒకే రకం కటింగ్ అయితే నాకూ పని త్వరగా అవుతుంది. అడగండి, ఏ టైలరైనా తగ్గిస్తారు.

తెలంగాణలో పద్ధతి వేరు. అక్కడ మహిళా సంఘాల వాళ్లు స్కూలుకి వచ్చి కొలతలు తీసుకుని, కుట్టి రెండు జతలు ఇస్తున్నారు. అక్కడ మీ చేతిలో ఉన్నది ఒక్కటే: కొలతలు తీసేరోజు పిల్లల్ని మానిపించకండి, మీరు కూడా వెళ్లి "కింద మడత మూడంగుళాలు వదలండమ్మా" అని చెప్పండి. కుట్టేది కూడా మనలాంటి ఆడవాళ్లే కాబట్టి మాట వింటారు. కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఉన్న పిల్లలకి బట్టలు అక్కడే ఇస్తారు.

డబ్బు ఎక్కడినుంచి

ఆంధ్రాలో తల్లికి వందనం 2025 జూన్‌లో మొదలైంది. పిల్లకి 15,000 అని లెక్క. అందులో 2,000 స్కూలు నిర్వహణకి పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. ఇంట్లో ఎంతమంది చదువుకుంటుంటే అంతమందికీ ఇస్తారు, ప్రైవేటు స్కూలు పిల్లలకి కూడా. హాజరు 75 శాతం ఉండాలి. ఈ డబ్బుని నమ్ముకుని జూన్ ఖర్చు వేసుకోకండి. పడేరోజు మన చేతిలో ఉండదు. పడ్డాక అందులోంచి వచ్చే ఏడాది యూనిఫాం కోసం ఓ రెండు వేలు విడిగా తీసి పెట్టడం తెలివైన పని. బ్యాంకులో ఏడాది గడువు రికరింగ్ డిపాజిట్టు మొదలుపెట్టి నెలనెలా కొంచెం వేయొచ్చు. రెండు వందలు వేసుకున్నా ఏడాదికి రెండు వేలు దాటుతుంది.

చదువుకునే పిల్లలైతే ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష సంగతి మాస్టారిని అడగండి. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల స్కూళ్లలో చదివే పిల్లలు రాయొచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 వస్తుంది. ఎస్సీ పిల్లలకి తొమ్మిది, పది తరగతుల్లో ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, ఇంటినుంచి వెళ్లి చదివేవాళ్లకి ఏడాదికి 3,500. నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే తల్లులు కార్మిక శాఖ ఇచ్చే స్కాలర్‌షిప్‌కి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ఉండాలి. ఇవేవీ జూన్ 12కి అందే డబ్బులు కావు. అయినా ఒకసారి కాగితాలు తయారు చేసుకుంటే, అంటే ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా ఉంటే, అన్నిటికీ అవే పనికొస్తాయి.

అప్పే చేయాల్సి వస్తే డ్వాక్రా సంఘం పొదుపులోంచి తీసుకోండి, రెండు మూడు వేలకి సంఘంలో ఎవరూ కాదనరు. ఫోన్లో యాప్ లోన్ల జోలికి మాత్రం వెళ్లకండి. రెండు చొక్కాల కోసం ఇంట్లో అందరి ఫోన్ నంబర్లూ వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది.

గుడ్డ కొనేటప్పుడు

మేం గోదావరి దాటి రాజమండ్రి తాడితోట వెళ్తాం, హోల్‌సేల్ బట్టల మార్కెట్టు. విజయవాడ వాళ్లకి వస్త్రలత ఉంది, కడప వైపువాళ్లకి ప్రొద్దుటూరు. హైదరాబాద్‌లో సికింద్రాబాద్ జనరల్ బజార్, పాతబస్తీలో మదీనా, పత్తర్‌గట్టి. ఒక్క పిల్లాడి కోసం బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్లొద్దు, మిగిలేది ఛార్జీలకే సరిపోతుంది. ముగ్గురు నలుగురి గుడ్డ ఒకరు వెళ్లి తెండి.

పాత యూనిఫాం లోపలి మడతలోంచి వేలెడంత ముక్క కత్తిరించుకుని పట్టుకెళ్లండి. బయటి వైపుది కాదు, లోపలిది. బయటిది ఎండకి వెలిసి ఉంటుంది, దానికి సరిపోయే రంగు కొంటే కొత్తబట్ట కూడా పాతగా కనిపిస్తుంది. షాపులో ట్యూబ్‌లైటు కింద నేవీ బ్లూ, నలుపు ఒకేలా ఉంటాయి. గుమ్మం దగ్గరికి తెచ్చి వెలుతురులో చూడండి. నలుగురి గుడ్డా ఒకే తానులోంచి కోయించండి, తానుకీ తానుకీ రంగు పిసరంత మారుతుంది.

గుడ్డ రకం గురించి. పూర్తి కాటన్ ఒంటికి హాయి, కానీ ముడతలు పడుతుంది, తొందరగా వెలుస్తుంది, రోజూ ఇస్త్రీ ఖర్చు. పూర్తి పాలిస్టర్ చవక, చిరగదు, కానీ మన ఎండల్లో చెమటకి పిల్లలు ఉడికిపోతారు, వాసన కూడా పట్టేస్తుంది. చొక్కాకి కాటన్ కలిసిన టెర్రికాటన్, ప్యాంటుకి పాలిస్టర్ విస్కోస్ కలిసిన సూటింగ్ గుడ్డ తీసుకోండి. షాపువాడు అన్నిటినీ "కాటనే అమ్మా" అంటాడు. అంచులోంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయితే కాటన్. కరిగి గట్టి పూసలా ముడుచుకుపోతే పాలిస్టర్. రెండూ కలిపి కనిపిస్తే కలిసిన గుడ్డ. నేను ఇప్పటికీ ఇలాగే చూస్తాను, మా పక్కింటామె నవ్వుతుంది.

ఎంత గుడ్డ కావాలన్నది పన్నాని, అంటే గుడ్డ వెడల్పుని బట్టి ఉంటుంది. తొమ్మిదో తరగతి అబ్బాయి, ఐదడుగుల మూడంగుళాల ఎత్తు, సన్నగా ఉంటే, 58 అంగుళాల పన్నాలో ప్యాంటుకి మీటరూ ఇరవై, పొట్టి చేతుల చొక్కాకి మీటరూ నలభై చాలు. అదే 36 అంగుళాల పన్నా అయితే చొక్కాకి రెండుంపావు మీటర్లు పడుతుంది. మీటరు ధర తక్కువుందని చిన్న పన్నా కొనేసి, ఇంటికొచ్చాక గుడ్డ చాలక మళ్లీ పరిగెత్తేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ధర అడిగే ముందు పన్నా అడగండి. ఇద్దరన్నదమ్ముల ప్యాంట్లు ఒకే ముక్కలో కోయిస్తే పది, పదిహేను సెంటీమీటర్లు మిగులుతుంది. ఆ మిగిలిన ముక్కలు పారేయకుండా టైలర్ దగ్గర అడిగి తీసుకోండి, తర్వాత అతుకులకి అవే కావాలి.

నా కడుపు మీద నేనే కొట్టుకునే మాట ఒకటి చెప్తాను. తెల్ల చొక్కా కుట్టించకండి. రెడీమేడ్‌గా హోల్‌సేల్ షాపుల్లో గుడ్డ, కుట్టుకూలి కలిపినదానికంటే తక్కువకే దొరుకుతుంది. ఒక సైజు పెద్దది కొంటే టక్ చేసుకుంటారు గనక తెలియదు. గళ్ల చొక్కా, ప్రత్యేకమైన రంగు ఉంటే కుట్టించక తప్పదు. ప్యాంటు, పంజాబీ డ్రెస్సు మాత్రం ఎప్పుడూ కుట్టించాల్సిందే. రెడీమేడ్‌లో లోపల గుడ్డ వదలరు, మొదట చెప్పిన ఆవిడకి జరిగిందే జరుగుతుంది.

టైలర్‌కి చెప్పాల్సినవి

మే మొదటి వారంలో ఇవ్వండి. జూన్ 5 తర్వాత ఇస్తే మేం రాత్రి పన్నెండింటికి కుట్టే బట్టలవి, ఎంత మంచి టైలరైనా అప్పుడు సింగిల్ కుట్టుతో సరిపెట్టేస్తాడు.

అబ్బాయిలు 13, 14 ఏళ్లప్పుడు ఒక్క ఏడాదిలో మూడు నాలుగంగుళాలు పెరుగుతారు. అందులో కాళ్లే ముందు పెరుగుతాయి. ప్యాంటుకి కింద మూడంగుళాల మడత, వెనక నడుం కుట్టులో రెండంగుళాల గుడ్డ వదలమనండి. మడత మరీ లావుగా ఉంటే బూటు దగ్గర ఎబ్బెట్టుగా ఉంటుందని కొందరు ఒప్పుకోరు. రెండుసార్లు లోపలికి మడిచి, ఇస్త్రీ గట్టిగా చేసి, చేతి కుట్టు వేస్తే కనిపించదు. మిషన్ కుట్టు వేయొద్దనండి, విప్పినప్పుడు చిల్లులు వరుసగా కనిపిస్తాయి. చొక్కా మామూలుకంటే రెండంగుళాలు పొడుగు, భుజం అర అంగుళం వదులు. అంతకంటే వదులు పెడితే అన్నయ్య చొక్కా తొడుక్కున్నట్టుంటుంది.

అమ్మాయిల లెక్క వేరు. ఎత్తు చాలామందికి 11, 12 ఏళ్లకే వేగంగా వచ్చేస్తుంది. రజస్వల అయ్యాక నెమ్మదిస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులకొచ్చాక మారేది పొడుగు కాదు, ఛాతీ, నడుం, భుజాలు. కింద నాలుగంగుళాలు మడిచినా ఉపయోగం లేదు. పక్క కుట్లలో రెండువైపులా అంగుళంన్నర, చంకల కింద అంగుళం వదలమనండి. బాటమ్‌కి ఎలాస్టిక్ కాకుండా నాడా పెట్టించండి. ఎలాస్టిక్ ఆర్నెల్లకి సాగిపోతుంది, నాడా ఎంత పెరిగినా సర్దుకుంటుంది.

అందరికీ కలిపి ఒకటి: సీటు కుట్టు, చంక కుట్టు, జేబు మూలలు డబుల్ కుట్టు వేయించండి. చిరిగేది ఎప్పుడూ అక్కడే. కాటన్ ఎక్కువున్న గుడ్డ అయితే ఇచ్చే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి ఇవ్వండి. తడపని గుడ్డ కుట్టించి, మొదటి ఉతుకులోనే అంగుళం పోగొట్టుకుని మా మీద పడేవాళ్లున్నారు.

బూట్లు, మిగతావి

బూట్లలో ఆదా చేయబోయి నష్టపోతారు. రెండు సైజులు పెద్దవి కొని ముందు దూది కుక్కితే, పిల్లలు మడమ ఈడ్చుకుంటూ నడిచి మూడు నెలల్లో వెనక తొక్కేస్తారు. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. సాక్సులు వేసి తొడిగితే ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి, అంతే. శనివారం తెల్ల కాన్వాసు ఖరీదైనవి అవసరం లేదు, వారానికి ఒక్కరోజే. సాక్సులు మూడు జతలూ ఒకే రంగు, ఒకే కంపెనీవి కొనండి, ఒకటి పోయినా మిగతావాటితో జతకడుతుంది. శనివారం తెల్ల డ్రెస్సు, రెండో జత బూట్లు జూన్‌లోనే కొనాలని లేదు. స్కూళ్లు తెరిచాక ఆషాఢం తగ్గింపులు మొదలవుతాయి. టై, బెల్టు పదో తరగతి పాసై వెళ్లినవాళ్ల దగ్గర అడిగి తీసుకోండి, వాళ్లకి వాటితో ఇక పనిలేదు.

ఉతకడం గురించి రెండు ముక్కలు. కాలర్‌కి సబ్బు రాసి పావుగంట ఉంచి చేత్తో రుద్దండి, బ్రష్షుతో గీకితే నూలు లేస్తుంది. తిరగేసి నీడన ఆరేస్తే రంగు ఏడాదంతా నిలబడుతుంది. జేబు మీద బాల్‌పెన్ను సిరా కారితే నీళ్లు తగలకముందే సర్జికల్ స్పిరిట్ దూదితో అద్దండి, కింద పాత గుడ్డ పెట్టి. నీళ్లు పోశాక ఆ మరక మొండికేస్తుంది.

ఒకరి బట్టలు ఒకరికి ఇచ్చేటప్పుడు

ఇది నా తప్పుతోనే నేర్చుకున్నాను. మా పెద్దాడు తొమ్మిదిలో ఉన్నప్పుడు మా అక్క కొడుకు చొక్కాలు మూడు ఇస్తే, కొత్తవాటిలా ఉన్నాయని మురిసిపోయి ఉతికి ఇచ్చాను. వాడు రెండు రోజులు వేసుకుని మూడోరోజు కడుపునొప్పి అన్నాడు. నాలుగోరోజు తలనొప్పి. వారం పోయాక మా చిన్నది చెప్పింది, చొక్కా లోపల కాలర్ కింద పెన్నుతో మా అక్క కొడుకు పేరు రాసి ఉందట, ఆటల పీరియడ్‌లో ఎవరో చూసి ఆ పేరుతోనే పిలుస్తున్నారట. నేను టైలర్‌ని. ఆ కాలర్ నా కళ్ల ముందు నుంచే పోయింది.

అప్పటినుంచి పాతవి ఎవరికిచ్చినా ముందు విప్పదీస్తాను. పేర్లు, రోల్ నంబర్లు ఎక్కడెక్కడ రాశారో వెతికి ఆ ముక్క తీసేస్తాను, కాలర్ తిప్పి కుడతాను. జేబు విప్పి కొత్త గుడ్డతో వేస్తాను. ఎందుకంటే జేబు చుట్టూ రంగు వెలిసి, జేబు కింద ముదురుగా ఉండిపోతుంది, పాతదని పట్టిచ్చేది అదే. గుండీలన్నీ మార్చేస్తాను, పది రూపాయల ఖర్చు. చివరగా ఇస్త్రీ చేసి మడిచి, కొత్తబట్టలతో పాటే పిల్లాడి ముందు పెడతాను. పాతదని మాత్రం దాచను. "ఇది అన్నయ్యది, బాగుచేశాను, వేసి చూడు, నచ్చకపోతే ఇంట్లో వేసుకుందువు" అంటాను. పద్నాలుగేళ్లవాడికి కాదనే వీలుంటే చాలాసార్లు కాదనడు.

తల్లులకి నేను చెప్పే ఇంకో పని, పదో తరగతి పరీక్షలు అయిన రోజే ఆ ఇంటికి వెళ్లి యూనిఫాం అడగడం. ఆలస్యమైతే అవి నేల తుడిచే గుడ్డలైపోతాయి. మొహమాటపడకండి, మీ పిల్లలవి కూడా చిన్నవాళ్లుంటే తీసుకొచ్చి మార్చుకోండి. మా వీధిలో ఈ మార్పిడి నా వరండాలోనే జరుగుతుంది. ఓ చెక్కపెట్టె పెట్టాను, ఎవరికి పనికిరానివి వాళ్లు ఉతికి వేసి వెళ్తారు, కావలసిన సైజు దొరికినవాళ్లు పట్టుకెళ్తారు. కొలతలకి ఒక చీటీ పిన్నుతో గుచ్చుతాను: నడుం, పొడుగు, మడతలో ఇంకా ఎంత గుడ్డ ఉందో.

మొదట చెప్పిన ఆవిడ ప్యాంటుకి ఆ పెట్టెలోనే ఒక పాత నీలం ప్యాంటు దొరికింది. దాని కాళ్లలోంచి నాలుగంగుళాల పట్టీలు కోసి కిందికి అతికించాను. అతుకు గీత మీద రెండు వరుసలు కుట్టాను. సాయంత్రం పిల్లాడే వచ్చి తీసుకెళ్లాడు. వరండాలోనే తొడుక్కుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని, "ఆంటీ, రెండోదానికి కూడా ఇలాగే గీతలు వేస్తారా, రెండూ ఒకేలా ఉంటాయి" అని అడిగాడు.